‘కాలదోషం పట్టిన శౌర్యం’: గడువును మాఫీ చేస్తారా, సడలిస్తారా, మినహాయిస్తారా?

ప్రశ్న (ఉపసంపాదకుడు)

అమెరికా సైనికుడు సార్జెంట్ ఫస్ట్ క్లాస్ ఆల్విన్ క్యాష్ మీద వచ్చిన ఒక వ్యాసం దిద్దుతున్నాను. 2005 అక్టోబర్ 17న ఇరాక్‌లో సమర్రా దగ్గర ఆయన ఎక్కిన బ్రాడ్లీ అనే సాయుధ వాహనం కింద బాంబు పేలింది. బట్టలు ఇంధనంతో తడిసి ఉన్నా ఆయన మళ్ళీ మళ్ళీ మంటల్లోకి వెళ్ళి తన జవాన్లను బయటికి లాగారు. ఆ కాలిన గాయాలతోనే నవంబర్ 8న కన్నుమూశారు. మొదట సిల్వర్ స్టార్ అనే శౌర్య పతకం ఇచ్చారు. అన్నిటికంటే పైదైన మెడల్ ఆఫ్ ఆనర్ విషయంలో, 2020 డిసెంబర్ 4న ఆయన ఒక్కరి కోసమే కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) నుంచి ఒక చట్టం వచ్చింది.

వ్యాసంలో వాక్యం ఇదీ: “గడువును మాఫీ చేస్తూ, క్యాష్‌కు మరణానంతర మెడల్ ఆఫ్ ఆనర్ ప్రధానం చేస్తూ కాంగ్రెస్ చట్టం చేసింది.” శీర్షిక “కాలదోషం పట్టిన శౌర్యం”. ‘గడువు మాఫీ’ ఎబ్బెట్టుగా ఉంది కానీ బదులుగా ఏం పెట్టాలో తేలడం లేదు. పెద్దలు చెప్పగలరు.

జవాబు (చట్టాల అనువాదకురాలు)

ముందు ఆ గడువు ఏమిటో చూస్తే మాట దానంతటదే తేలుతుందండీ. అమెరికా చట్టాల సంపుటిలో సైన్యానికి వర్తించే 10వ టైటిల్ (భాగం) 7274వ సెక్షన్ రెండు గడువులు పెట్టింది. సాహసం జరిగిన 3 ఏళ్ళలోపు ఎవరో ఒకరు రాతపూర్వకంగా సిఫార్సు చేయాలి, 5 ఏళ్ళలోపు పతకం ఇచ్చేయాలి. రెండూ దాటితే అధ్యక్షుడికి మనసున్నా ఇవ్వలేడు. క్యాష్ చట్టం ఈ అడ్డును ఆయన ఒక్కరి విషయంలో తీసేసింది. మిగతా అందరికీ 3 ఏళ్ళు, 5 ఏళ్ళు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు మూడు మాటలు.

‘మాఫీ’ బాకీకి పట్టే మాట. రుణమాఫీ, వడ్డీ మాఫీ, శిస్తు మాఫీ అంటాం. ఒకరు మరొకరికి కట్టవలసింది ఏదో ఉండాలి, దాన్ని వదిలేయాలి. ఇక్కడ సైనికుడు ఎవరికీ ఏమీ కట్టనక్కర లేదు. ‘గడువు మాఫీ’ అంటే ఆయన తప్పేదో ఉంది, క్షమించారు అన్న వాసన కూడా వస్తుంది. ఇది పనికిరాదు.

‘సడలింపు’ మన తెలుగు మాటే, ముడి సడలడం నుంచి వచ్చింది. తెగిపోదు, వదులవుతుంది. ఉద్యోగ ప్రకటనల్లో “వయోపరిమితిలో 5 ఏళ్ళ సడలింపు” చూస్తూనే ఉంటాం: పరిమితి ఉంటుంది, కాస్త ముందుకు జరుగుతుంది. కనుక ‘గడువు సడలింపు’ అని చదివినవారికి 5 ఏళ్ళు 20 ఏళ్ళయిందేమో అనిపిస్తుంది. అలా జరగలేదు.

‘మినహా’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా సర్కారు కచేరీల భాషలోకి వచ్చింది. ‘అందులోంచి’ అని మూలార్థం. నియమం చెక్కుచెదరదు, ఒకరిని అందులోంచి బయటికి తీస్తాం. క్యాష్ చట్టం చేసింది సరిగ్గా ఇదే. “గడువు నుంచి మినహాయింపు” అనండి. విభక్తి ముఖ్యం: ‘గడువులో మినహాయింపు’ అంటే మళ్ళీ సడలింపు అర్థమే వస్తుంది.

జవాబు (వకీలు)

పై జవాబుతో ఏకీభవిస్తూనే, ‘కాలదోషం’ గురించి ఒక మాట. అది మన పల్లెల్లో అందరికీ తెలిసిన మాట. ప్రామిసరీ నోటు రాసి 3 ఏళ్ళు దాటితే కాలదోషం పట్టిందంటాం. అమెరికాలో సిఫార్సు గడువూ 3 ఏళ్ళే కావడం కాకతాళీయమే గానీ, పోలిక మాత్రం చాలా దూరం నడుస్తుంది.

నోటుకు గడువులోపల అప్పు తీసుకున్నవాడు కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ 3 ఏళ్ళు. గడువు దాటాక చెల్లు రాస్తే నోటు బతకదు. అప్పుడు కావలసింది కొత్త కాగితం: ఒప్పందాల చట్టం 25వ సెక్షన్ 3వ క్లాజు ప్రకారం, కాలదోషం పట్టిన బాకీ కడతానని విడిగా రాసి సంతకం పెట్టాలి. క్యాష్ చట్టం ఆ కొత్త కాగితం లాంటిది.

పోలిక ఎక్కడ తెగుతుందంటే, నోటుకు కాలదోషం పడితే ఒకడికి నష్టం, ఒకడికి లాభం. పతకం గడువు దాటితే లాభపడేవాడు ఎవడూ లేడు. ఇచ్చే అధికారం ఒక్కటే పోతుంది. ఇంకొకటి, దోషం పట్టేది కాగితానికి. కాబట్టి మీ శీర్షిక మార్చాలి. “కాలదోషం పట్టిన సిఫార్సు” అనవచ్చు. శౌర్యానికి కాలదోషం అంటగట్టకండి, అది ఆయనకు అన్యాయం.

అడిగినవారు

శీర్షిక మార్చేశాను. “ప్రధానం చేస్తూ చట్టం చేసింది” సంగతి?

జవాబు (వకీలు)

అసలు పొరపాటు అక్కడే ఉంది. ఆ చట్టం పతకం ఇవ్వలేదు. దాని సారం ఇది: “7274వ సెక్షన్‌లోని కాలపరిమితులు ఏవి ఉన్నప్పటికీ, అధ్యక్షుడు ఆల్విన్ క్యాష్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేయవచ్చును.” చివరి ‘వచ్చు’లోనే చట్టమంతా ఉంది. చేయవలెను అనలేదు, చేయడమైనది అనలేదు. అందుకే చట్టం 2020 డిసెంబర్ 4న వస్తే పతకం 2021 డిసెంబర్ 16న అందింది. ఏడాది పైన 12 రోజుల తేడా. మీ వాక్యం చదివినవారికి ఈ తేడా ఎక్కడిదో అర్థం కాదు.

“ఏవి ఉన్నప్పటికీ” అన్నది మన శాసనాల తెలుగులో స్థిరపడ్డ పదబంధమే. “లెక్కచేయకుండా” అని రాసేవారున్నారు. అది ధిక్కారంలా వినిపిస్తుంది, రాయకండి.

జవాబు (పాఠశాల తెలుగు పండితుడు)

చట్టం సంగతి పెద్దలు చెప్పారు, అక్షరం సంగతి నేను చెబుతాను. ‘ప్రదానం’ ఇవ్వడం, ఒత్తు లేదు. ‘ప్రధానం’ ముఖ్యమైనది, మన ఇళ్ళల్లో పెళ్ళి నిశ్చయమయ్యాక ఉంగరం తొడిగే వేడుక కూడాను. ‘పతక ప్రధానోత్సవం’ అని బ్యానర్ల మీద అచ్చవుతూనే ఉంది. ‘దానం’ గుర్తుపెట్టుకుంటే తప్పు రాదు.

అలాగే ‘పతక విజేత’ వద్దు. గెలవడానికి ఇది పోటీ కాదు. ‘పతకం అందుకున్నారు’, ‘పతక గ్రహీత’ సరిపోతాయి.

జవాబు (చట్టాల అనువాదకురాలు)

‘మరణానంతర’ మీద ఎవరూ మాట్లాడలేదు. క్యాష్ విషయంలో అది సరైనదే. కానీ ఆలస్యంగా వచ్చిన ప్రతి పతకానికీ మన పత్రికలు ఈ విశేషణం తగిలిస్తున్నాయి. ఇవి రెండు వేర్వేరు సంగతులు.

సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో నేలకొరిగారు. 2021 గణతంత్ర దినోత్సవానికి మహావీర చక్ర ప్రకటించారు. మరణానంతరమే, ఆలస్యం లేదు. అమెరికా సైనికాధికారి పారిస్ డేవిస్ 1965 జూన్‌లో వియత్నాంలోని బాంగ్ సాన్ దగ్గర చూపిన తెగువకు 2023 మార్చి 3న మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నారు. 57 ఏళ్ళ ఆలస్యం, కానీ స్వయంగా వచ్చి మెడలో వేయించుకున్నారు. క్యాష్‌ది రెండూ. ఇక అలోంజో కుషింగ్ ఉన్నారు: అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలై 3న గెటిస్‌బర్గ్ పోరులో చనిపోయారు, పతకం 2014 నవంబర్ 6న వచ్చింది. 151 ఏళ్ళు. ఆయన కోసం విడి చట్టం రాలేదు. ఏటా వచ్చే పెద్ద రక్షణ చట్టంలో ఒక చిన్న సెక్షన్‌గా మినహాయింపు చేర్చారు. కనుక “ప్రత్యేక చట్టం” అని అన్ని చోట్లా రాయలేం.

మన పరమవీర చక్రను వీటి పక్కన పెట్టేటప్పుడు కూడా జాగ్రత్త. దాన్ని 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా చేశారు. అందువల్లే 1947 నవంబర్ 3న బడ్గాంలో అసువులు బాసిన మేజర్ సోమనాథ్ శర్మకు అది దక్కింది. అది వెనక తేదీ నుంచి వర్తింపు, మినహాయింపు అనకూడదు.

అడిగినవారు

‘ఆలస్యం’ బదులు ‘జాప్యం’ వాడొచ్చా? వ్యాసంలో మరోచోట “అధికారుల నిర్లక్ష్యం వల్ల ఫైలు పోయింది” అని కూడా ఉంది.

జవాబు (పాఠశాల తెలుగు పండితుడు)

సంస్కృతంలో ఆలస్యం అంటే సోమరితనం. తెలుగులో ఆ నింద అరిగిపోయి ఉత్త కాలహరణం మిగిలింది. ‘జాప్యం’ అంటే ఏదో కార్యాలయం సాగదీసిందన్న ఆరోపణ వినిపిస్తుంది. ఆధారం ఉంటే జాప్యం, లేకపోతే ఆలస్యం. ‘ఎట్టకేలకు’ మంచి మాట, ఎదురుచూసినవారి వైపు నుంచి పలుకుతుంది. కుటుంబం గురించి రాసేచోట వాడండి.

జవాబు (చట్టాల అనువాదకురాలు)

‘నిర్లక్ష్యం’ ఇక్కడ ప్రమాదకరం. 7274వ సెక్షన్‌లోనే ఒక వెసులుబాటు ఉంది: సిఫార్సు గడువులోపలే చేసి, కాగితం పోయినా, లేదా ఏమరుపాటు వల్ల దాని మీద చర్య తీసుకోకపోయినా, ఆ సంగతి సైనిక శాఖ కార్యదర్శి నిర్ధారిస్తే గడువు దాటాక కూడా పతకం ఇవ్వవచ్చు. నిర్లక్ష్యం తెలిసి పట్టించుకోకపోవడం. ఏమరుపాటు తెలియకుండా జారవిడవడం. చట్టం రెండోదే అంది. డేవిస్ సిఫార్సు కాగితాలు రెండుసార్లు కనబడకుండా పోయాయి. అక్కడ ‘పోయాయి’ అని రాస్తే చాలు, ఎవరు పోగొట్టారో తేలలేదు.

కొత్తగా సిఫార్సు చేయాలంటే దారి వేరు. కాంగ్రెస్ సభ్యుడొకరు అదే టైటిల్ 1130వ సెక్షన్ కింద దాన్ని తన వినతితో సైనిక శాఖకు పంపాలి. శాఖ గడువును పక్కనపెట్టి యోగ్యత ఒక్కటే తూచి, తన నిర్ణయాన్ని ఆ సభ్యుడికీ ఉభయసభల సాయుధ దళాల కమిటీలకూ రాస్తుంది. ఇక్కడ ‘సిఫార్సు’, ‘వినతి’, ‘నిర్ణయం’ మూడూ వేర్వేరు కాగితాలు. వ్యాసంలో మూడింటికీ ‘ప్రతిపాదన’ అనే ఉంటే పాఠకుడు దారి తప్పుతాడు.

జవాబు (వకీలు)

చిన్న చేర్పు. పతకం ఇచ్చేది అధ్యక్షుడు, కాంగ్రెస్ పేరిట. ‘కాంగ్రెస్ పతకం’, ‘కాంగ్రెషనల్ మెడల్’ అని రాయడం అక్కడివారికీ అలవాటే గానీ చట్టంలో ఉన్న పేరు మెడల్ ఆఫ్ ఆనర్ ఒక్కటే. ‘గౌరవ పతకం’ అనువదిస్తే గౌరవ డాక్టరేటులా వినబడుతుంది. పేరు అలాగే ఉంచి, మొదటిసారి పక్కన “అత్యున్నత శౌర్య పతకం” అనండి.

అడిగినవారు

చివరగా, అర్హత చెప్పే వాక్యాన్ని రచయిత “విధి పిలుపుకు పైన మరియు అవతల” అని రాశారు.

జవాబు (పాఠశాల తెలుగు పండితుడు)

‘విధి పిలుపు’ అంటే తెలుగువాడికి యముడి పిలుపే. “ప్రాణాలకు తెగించి, విధి నిర్వహణలో అడగదగినదానికి మించి” అనండి. ‘మించి’ ఒక్కటే పైననూ అవతలనూ మోస్తుంది.

అడిగినవారు

ఇలా దిద్దాను: “సాహసం జరిగిన 5 ఏళ్ళలోపే పతకం ఇవ్వాలన్న గడువు నుంచి క్యాష్‌ను మినహాయిస్తూ, అమెరికా అత్యున్నత శౌర్య పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్‌ను ఆయనకు ప్రదానం చేసే అధికారాన్ని అధ్యక్షుడికి కల్పిస్తూ కాంగ్రెస్ 2020లో చట్టం చేసింది. మరణానంతరం ఆ పతకం ఎట్టకేలకు 2021 డిసెంబర్ 16న ఆయన కుటుంబానికి అందింది.”

జవాబు (చట్టాల అనువాదకురాలు)

బాగుంది. ‘మరణానంతరం’ తీసేసినా నష్టం లేదు, కుటుంబానికి అందిందన్నప్పుడే తెలిసిపోతోంది.