ఓవర్‌సైజ్ టీషర్టుని బనీను అనొచ్చా?

ప్రశ్న, పాలకొల్లు నుంచి: మావాడి ఓవర్‌సైజ్ టీషర్టుకి భుజం కుట్టు మోచేతి దాకా జారి ఉంటుంది, అంచు తొడల మీదకొస్తుంది. మా అత్తగారు దాన్ని బనీను అంటారు. "ఒట్టి బనీనుతో వీధిలోకి పోతావేంట్రా, చొక్కా తొడుక్కో" అని రోజూ గొడవే. వాడేమో ఇది స్ట్రీట్‌వేర్ నాయనమ్మా, కుర్రాళ్ళ ఫ్యాషన్ అంటాడు. బనీను అనడం తప్పా? స్ట్రీట్‌వేర్‌కి "వీధి దుస్తులు" అని రాయొచ్చా?

జవాబు, రాజోలు నుంచి: తప్పేం కాదండీ. ఆ మాట పుట్టుక చూస్తే మీ అత్తగారిదే పైచేయి. గుజరాతీలో వాణియో అంటే వర్తకుడు. అది పోర్చుగీసువాళ్ళ నోట పడి ఇంగ్లీషుకి బనియన్‌గా చేరింది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు, హాలండుల్లో డబ్బున్న మగవాళ్ళకి కొత్త మోజు పట్టుకుంది. ఇంటికి రాగానే బిగుతు కోటు విప్పేసి, ఆసియా నుంచి వచ్చిన వదులు అంగీ తగిలించుకోవడం. ఇంగ్లీషువాళ్ళు దానికి బనియన్ అని మన వర్తకుల పేరు పెట్టారు. డచ్చివాళ్ళకి కిమోనోలు జపాన్ నుంచి వెళ్ళాయి గనక వాళ్ళు జపాను గౌను అన్నారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్టతోనూ వీటిని కుట్టేవారు. మీ పాలకొల్లులో డచ్చివాళ్ళు మకాం పెట్టిందీ బట్టల వ్యాపారానికే కదా! లండన్‌లో నౌకాదళం కొలువు చేసే శామ్యూల్ పీప్స్ 1666లో తన బొమ్మ గీయించుకోడానికి ఇలాంటి ఇండియన్ గౌనే అద్దెకి తెచ్చుకున్నాడు. పెళ్ళికి షేర్వానీ అద్దెకి తెచ్చుకునేవాళ్ళు ఇక సిగ్గుపడక్కర్లేదు. ఆ వదులు అంగీ పేరే తర్వాత లోచొక్కాకి దిగి, మనకి బనీను అయింది.

"వీధి దుస్తులు" మాత్రం నాకు రుచించదు. వీధిన పడ్డాడు, వీధికెక్కారు అంటాం. పైగా మన ఇళ్ళల్లో వీధిలోకి వేసుకెళ్ళే బట్టలంటే ఇస్త్రీ చేసినవి. స్ట్రీట్‌వేర్ దానికి పూర్తిగా ఎదురు. స్ట్రీట్‌వేర్ అనే రాసేయండి.

తణుకు నుంచి: ఆయ్, జపాన్‌లోనూ ఇదే తంతు. కాలిఫోర్నియా సర్ఫింగ్ కుర్రాళ్ళ టీషర్టులు, న్యూయార్కు హిప్‌హాప్ వేషం టోక్యో చేరాక, 1993లో నిగో, జున్ తకహాషి అనే డిజైనర్లు కలిసి అక్కడి హరాజుకు పేట వెనక సందుల్లో ఓ కొట్టు తెరిచారు. ఆ సందులకి ఉరా-హరాజుకు అని పేరు; ఉరా అంటే వెనక. అరువు తెచ్చుకున్నవాళ్ళే తిరిగి అమ్మారు కూడా. నిగో బ్రాండు ఎ బేదింగ్ ఏప్ తర్వాత అమెరికా ర్యాపర్ల ఒంటిమీదకే ఎక్కింది. ఇక పేర్ల సంగతి: స్ట్రీట్ అన్న మాటని వాళ్ళు అనువదించలేదు, తమ యాసలో పలుకుతారంతే. తలకి టోపీ కుట్టి ఉండే హుడీని మాత్రం పార్కా అంటారు, స్వెట్‌షర్టుని ట్రైనర్ అంటారు. అమెరికావాడు అక్కడి కొట్లో ట్రైనర్ అని వింటే వ్యాయామం నేర్పేవాడు అనుకుంటాడు.

పాలకొల్లు: బాగుందండీ. మరి హుడీని మనమేమనాలి?

భీమవరం నుంచి: కుర్రాళ్ళు హుడీ అనే అంటారండీ. ఈ ఉక్కలో ధనుర్మాసం దాటితే అది ఎటూ బీరువాలోకే. మా నాన్నగారు తెల్లారుజామున చెరువు మీదకి వెళ్తూ తమ్ముడి హుడీ తగిలించుకుపోతున్నారు. ఆయన లెక్కలో అది "చేతులున్న మంకీ క్యాపు".