ఇంట్లో వెటకారం: మీ ఇళ్లలో ఎంతవరకు?

బరంపురం కోడలు:
నా పుట్టిల్లు పలాస, అత్తారిల్లు బరంపురం. ఇక్కడ ఎవరూ ఏదీ సూటిగా అనరు. మా ఆయన బజారు నుంచి ఖాళీ చేతులతో వస్తే, "సంచీ బరువుకు చెయ్యి పడిపోయుంటుంది, దించు నాయనా" అంటారు అత్తయ్య. పప్పులో ఉప్పు ఎక్కువైతే, "ఇక గోపాల్‌పూర్ వెళ్లక్కర్లేదు, సముద్రం కంచంలోకే వచ్చింది" అంటారు మావయ్యగారు. కొత్తలో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఈ మాటలు లేకపోతే నాకే తోచదు. మా పాపతోనే టెన్షన్. దానికి నాలుగేళ్లు. బొమ్మలన్నీ నేల మీద పరిస్తే వాళ్ల తాతయ్య "ఇల్లు భలే సర్దావే" అన్నారు. అది మురిసిపోయి ఇంకో బుట్ట తెచ్చి గుమ్మరించింది! పిల్లలతో మీరెలా మాట్లాడతారు?

పర్లాకిమిడి మాస్టారు:
నాలుగేళ్లకు అర్థం కాదమ్మా. పైకి అన్నది ఒకటి, మనసులోది ఇంకోటి అని పిల్లలు పసిగట్టడం ఆరేడేళ్లకు మొదలవుతుంది. అందులోని సరదా తెలిసేసరికి ఇంకా పెద్దవాళ్లవుతారు. అందాకా పాపతో సూటిగానే చెప్పండి. పెద్దవాళ్ల మధ్య మాత్రం మానకండి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు ఉండిపోయింది. మా బాబాయి వాళ్లు అక్కడే. ఆయన చాలా రోజులకు వస్తే మా నాన్నగారు గుమ్మంలోనే "వీసా దొరికిందా?" అనేవారు. "దొరికింది, మీ రాజ్యంలో మంచినీళ్లిస్తారా?" అని బాబాయి. అన్నదమ్ముల ప్రేమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉండేది.

బరంపురం కోడలు:
మాస్టారూ, ఇది మావయ్యగారికి చదివి వినిపిస్తాను.

రాయగడ అక్క:
ఫోన్లో రాసేటప్పుడు జాగ్రత్త. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు పండక్కి శుభాకాంక్షలు పెడితే, "మహానుభావుడికి మేం గుర్తున్నామన్నమాట" అని మా అమ్మ వాట్సాప్‌లో జవాబిచ్చింది. ఎదురుగా అంటే వాడూ నవ్వేసేవాడే. అక్షరాల్లో గొంతు వినపడదు కదా, వాడు చిన్నబుచ్చుకుని కొన్నాళ్లు ఫోనే చెయ్యలేదు. ఇప్పుడు అమ్మ ఏదనాలన్నా వాయిస్ మెసేజే పెడుతుంది.

సిరోంచ తమ్ముడు:
మాది గడ్చిరోలి జిల్లా. మా వదిన చెన్నూరు నుంచి వచ్చింది. పొద్దెక్కి లేస్తే పెద్దమ్మ "సూర్యుణ్ణి లేపేదే మా కోడలు" అనేది, వదిన కూడా "లేపిన, ఆయనే పండుకున్నడు" అనేది. ఇల్లంతా నవ్వులే. ఒకరోజు పిల్లలు లేరన్న సంగతి మీద పెద్దమ్మ అదే గొంతుతో ఒక మాట అన్నది. ఎవరూ నవ్వలేదు. వదిన కంచం ముందు నుంచి లేచి పోయింది. ఆలస్యంగా లేవడం మీద ఎన్నైనా అనొచ్చు, రేపు తొందరగా లేవొచ్చు. మనిషి చేతిలో లేనిదాని మీద అనడం తప్పు. ఎంత పెద్దవాళ్లన్నా తప్పే.

రాయగడ అక్క:
ఇప్పుడు మీ వదిన ఎలా ఉంది తమ్ముడూ?

సిరోంచ తమ్ముడు:
పెద్దమ్మే పోయి క్షమించమని అడిగింది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నరు అక్కా. వదిన ఎదురు జవాబులు మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. మొదలుపెట్టిన రోజు ఇక్కడ రాస్తా.