నెట్ సరిగా లేని ల్యాబ్‌లో కోడింగ్ ఎలా నేర్పాలి?

ప్రశ్న: మా హైస్కూల్ ల్యాబ్‌లో 10 సిస్టమ్స్, 7, 8 తరగతుల పిల్లలు. నెట్ వస్తూ పోతూ ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేనివి ఏమున్నాయి?

జవాబు 1: ముందు స్క్రాచ్ పెట్టండి సార్, బ్లాకులు జోడించి ప్రోగ్రామ్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. బ్రౌజర్‌ది కాదు, ఆఫ్‌లైన్ యాప్. ఇన్‌స్టాలర్ ఒక్కసారి దించుకుని పెన్‌డ్రైవ్‌తో అన్నింటిలో వేసేయొచ్చు. ఖాతా అక్కర్లేదు. పిల్లల పని ఎస్‌బీ3 (.sb3, స్క్రాచ్ ఫైల్ రకం) ఫైల్‌గా సేవ్ చేయించండి. పేరులో రోల్ నంబరు లేకపోతే ఒకరిది ఇంకొకరు చెరిపేస్తారు.

జవాబు 2: తర్వాత పైథాన్‌కి (టైప్ చేసి రాసే కోడింగ్ భాష) థానీ (Thonny), అంటే కోడ్ రాసి నడిపే ఉచిత ప్రోగ్రామ్. పైథాన్ అందులోనే వస్తుంది, విడిగా వేయక్కర్లేదు. ఎఫ్5 నొక్కితే రన్. పిల్లలు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది: టర్టిల్ (బొమ్మలు గీసే పైథాన్ మాడ్యూల్, అంటే ముందే రాసి ఉన్న కోడ్) పాఠంలో ఫైల్‌కి కూడా turtle అనే పేరే పెట్టడం. మాడ్యూల్‌ని తెచ్చే ఇంపోర్ట్ లైన్ అసలుదాన్ని వదిలేసి వాళ్ల ఫైల్‌నే తెచ్చుకుంటుంది, ఎర్రర్ వస్తుంది. పేరు మారిస్తే చాలు. ఇంకోటి, ఇన్‌పుట్ (పిల్లలు టైప్ చేసి ఇచ్చేది) ఎప్పుడూ అక్షరాలుగానే వస్తుంది. 5, 3 కలిపితే 53 అంటుంది. అంకెగా మార్చే int() లోపల పెట్టాలి.

జవాబు 3: తెలుగులో వినాలంటే ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ వీడియో పాఠాలు చూడండి మేడం/సార్. వీడియో ఒక పక్క, ప్రోగ్రామ్ ఒక పక్క తెరిచి, ఆపుతూ చేయించాలి. ఊరికే చూపిస్తే నిద్రపోతారు!