ఓవర్‌బుకింగ్ ప్రమాదాన్ని ద్విపద విభాజనంతో అంచనా వేయడం ఎలా?

ప్రశ్న: 180 సీట్ల విమానానికి 185 టికెట్లు అమ్మారనుకుందాం. ఒక్కో ప్రయాణికుడు వచ్చే సంభావ్యత 0.95 అయితే, ఒక్కరికైనా సీటు దొరకని ప్రమాదాన్ని ఎలా లెక్కించాలో దయచేసి వివరించగలరు.

సమాధానం 1: రానివారిని లెక్కించడం సులువండి. నలుగురు లేదా అంతకన్నా తక్కువమంది మానుకుంటేనే సీట్లు చాలవు కనుక, ద్విపద విభాజనంలో (ఒక ఘటన ఇన్నిసార్లు జరగడానికి ఉన్న సంభావ్యతను ఇచ్చే సూత్రం) రాకపోయే సంభావ్యత 0.05గా తీసుకుని, సున్నా నుంచి నలుగురి వరకు మానుకునే ఐదు పదాలను కూడితే సుమారు 0.043 వస్తుంది; అందులో సరిగ్గా నలుగురు మానుకునే పదమే 0.027. అదే విమానానికి 190 టికెట్లు అమ్మితే ప్రమాదం సగం దాటుతుంది.

సమాధానం 2: ఈ లెక్క ప్రతి ప్రయాణికుడి రాకపోకలూ స్వతంత్రమని భావిస్తుంది. కుటుంబాలు వస్తే కలిసే వస్తాయి, ఆగితే కలిసే ఆగుతాయి. అందరూ జంటలుగా ప్రయాణిస్తే సగటు మారకుండానే విస్తృతి (ఫలితాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) దాదాపు రెట్టింపవుతుంది, అందుచేత 0.043 తక్కువ అంచనాయేనని నా అభిప్రాయం.

సమాధానం 3: నష్టాన్నీ చూడాలి. డీజీసీఏ (దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం ముందుగా స్వచ్ఛందంగా సీటు వదులుకునేవారిని అడగాలి. ఇష్టం లేకుండా నిలిపివేసినవారిని గంట దాటాక, 24 గంటల్లోపు మరో విమానంలో పంపితే గరిష్ఠ పరిహారం 10,000 రూపాయలు. పై లెక్కలో సీటు దొరకనివారి సగటు 0.064 కాబట్టి, సంస్థకు సగటు భారం దాదాపు 640 రూపాయలే. ఐదు అదనపు టికెట్ల రాబడి ముందు అది చాలా స్వల్పం; ఆ పరిహార పరిమితిని పెంచాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.