పాత పేజ్‌మేకర్ ఫైల్ ఎవరైనా తెరిచి ఇవ్వగలరా?

అందరికీ నమస్కారం. 1999లో డిగ్రీ అవగానే విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌లో చేరాను. అదే మొదటి ఉద్యోగం. అను ఫాంట్లలో (యూనికోడ్ రాకముందు డీటీపీలో వాడిన తెలుగు ఫాంట్లు) టైపింగ్ నేర్పింది అక్కడి సీనియర్ అక్క. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖల పని అర్ధరాత్రి దాకా సాగేది. ప్రూఫులు దిద్దే మాస్టారు ‘చి.ల.సౌ.’లో ఒక్క చుక్క తప్పినా ట్రేసింగ్ పేపర్ ప్రింటు చించేసేవారు, కాసేపాగి ఆయనే పునుగులు తెప్పించేవారు. (ఆ తిట్లు కూడా ఇప్పుడు ముద్దుగానే ఉన్నాయి లెండి.)

నేను మానేసేటప్పుడు అందరూ కలిసి నా మీద సరదాగా ఒక శుభలేఖ తయారుచేసి సీడీలో ఇచ్చారు. అది పేజ్‌మేకర్ 6.5 ఫైల్ (అప్పట్లో పేజీలు కూర్చడానికి వాడిన సాఫ్ట్‌వేర్). దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ దాకా ఇలాంటివి తెరుచుకుంటాయి, నా దగ్గరున్న కొత్త వెర్షన్‌లో కుదరదు. పైగా అను ఫాంట్లు లేకపోతే తెలుగంతా పిచ్చి అక్షరాలే.

పాత సిస్టమ్, ఆ ఫాంట్లు రెండూ ఉన్నవాళ్లు ఎవరైనా పీడీఎఫ్ చేసిపెట్టగలరా? యూనికోడ్‌లోకి మార్చక్కర్లేదు, ఉన్నదున్నట్టు కనిపిస్తే చాలు. వచ్చే నెల మేమంతా కలుస్తున్నాం, మాస్టారు కూడా వస్తున్నారు. అందుకే ఈ తొందర.