సాలిడ్ స్టేట్ లేజర్ మీద ప్రపోజల్: 60 లక్షల్లో థిన్ డిస్క్ పెట్టుకోవచ్చా? ఏఎన్ఆర్ఎఫ్‌కా, డీఆర్‌డీవోకా?

తీరం_ఫిజిక్స్

కోస్తాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం, ఫిజిక్స్ విభాగం. ఏఎన్ఆర్ఎఫ్ (పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ) వాళ్ల ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటుకి ప్రపోజల్ సిద్ధం చేస్తున్నాను. మూడేళ్లకు 60 లక్షలు, ఓవర్‌హెడ్ విడిగా.

అనుకున్నది ఇది: 940 నానోమీటర్ల డయోడ్లతో పంప్ చేసే వైబీ-యాగ్ (యిటర్బియం కలిపిన యాగ్ క్రిస్టల్) థిన్ డిస్క్ లేజర్, 1030 దగ్గర 100 వాట్ల అవుట్‌పుట్. ల్యాబ్‌లో ఆప్టికల్ టేబుల్, స్పెక్ట్రోమీటర్, ఆసిలోస్కోప్, పాత ల్యాంప్ పంప్‌డ్ ఎన్‌డీ-యాగ్ ఉన్నాయి. పంప్ హెడ్, డయోడ్ స్టాక్ కలిపి 32 లక్షలకు కొటేషన్ వచ్చింది. యూరోల్లో ఇచ్చారు, పన్నులు లేకుండా. ఒక జేఆర్‌ఎఫ్ (ఫెలోషిప్ మీద పనిచేసే పరిశోధక విద్యార్థి) కావాలి. మిగిలింది చిల్లర్‌కి (నీళ్లు చల్లబరిచే యంత్రం), అద్దాలకి సరిపోతుందని అంచనా.

అడిగేవి మూడు. ఈ బడ్జెట్ నిలబడుతుందా? 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర లేజర్ ఆయుధం పరీక్ష జరిగాక అందరూ డీఆర్‌డీవోకే రాయమంటున్నారు, అది సరైన దారేనా? రివ్యూలో ఇలాంటివి ఎక్కడ కొట్టేస్తారు?

ఫైలు_కదలదు

ముందు లెక్క చూద్దాం.

32 లక్షల మీద 18% జీఎస్టీ 5.76 లక్షలు. పరిశోధన సంస్థలకు ఉన్న 5% రాయితీ రేటు 2022 జూలై 18 నుంచి లేదు. పాత ప్రపోజల్ చూసి రాసేవాళ్లు ఇప్పటికీ 5% వేసేస్తున్నారు. దాంతో 37.76 అయింది. కస్టమ్స్ సుంకం, ఫ్రైట్, ఇన్సూరెన్స్, బ్యాంకు ఛార్జీలు ఇంకా కలపలేదు. దిగుమతి మీద జీఎస్టీ కట్టేది సుంకం కలిపిన విలువ మీద, కాబట్టి అసలు అంకె ఇంకాస్త పెరుగుతుంది.

జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, మూడో ఏడు 42,000. మీది వై తరగతి నగరమైతే హెచ్‌ఆర్‌ఏ 20%. మూడేళ్లకు 16.7 లక్షలు. రెండూ కలిపితే 54.5. చేతిలో మిగిలేది అయిదున్నర లక్షలు. అందులో చిల్లర్, పవర్ మీటర్, బీమ్ కెమెరా, అద్దాలు, కళ్లజోళ్లు, ప్రయాణాలు, మూడేళ్ల కన్జ్యూమబుల్స్! కొన్న మొదటి ఏడాదే డయోడ్ పోతే రెండోది కొనే దారి ఉండదు. రివ్యూయర్ బడ్జెట్ పేజీ తిప్పగానే ఇది కనబడిపోతుంది.

యూరో రేటు విషయం కూడా గుర్తుపెట్టుకోండి. ప్రపోజల్ పంపిన రోజుకీ ఆర్డర్ పెట్టే రోజుకీ మధ్య ఏడాది సులువుగా గడిచిపోతుంది. శాంక్షన్ మాత్రం రూపాయల్లో వస్తుంది, తేడా పడితే భరించేది మీ కన్జ్యూమబుల్స్ పద్దే. ఏ ఒక్క దిగుమతి సామానూ మొత్తం గ్రాంటులో మూడో వంతు దాటకుండా చూసుకోవడం మంచిది. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, నా అభిప్రాయం.

కొనుగోలు నియమాల్లో 2025 జూన్‌లో కొంత వెసులుబాటు వచ్చింది. శాస్త్రీయ పరికరాలకు కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు, పర్చేజ్ కమిటీ పరిమితి 10 నుంచి 25 లక్షలకు పెరిగాయి. 200 కోట్ల వరకు గ్లోబల్ టెండర్‌కి డైరెక్టర్లు, వీసీలే అనుమతి ఇవ్వొచ్చు. కానీ అది కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మీ సొంత స్టోర్స్ నియమావళి అడ్డుపడొచ్చు. ప్రపోజల్ పంపకముందే ఫైనాన్స్ ఆఫీసర్‌ని కలిసి ఏది వర్తిస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. శాంక్షన్ వచ్చాక అడిగితే ఆ ఫైలుకే ఒక సెమిస్టర్ పోతుంది.

ఇక నిధుల కోసం ఎవరి తలుపు తట్టాలన్న సంగతి. కర్నూలు నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో 2025 ఏప్రిల్ 13న చూపించింది వాహనం మీద బిగించిన మార్క్-2ఏ వ్యవస్థ. 30 కిలోవాట్ల తరగతిదని వార్తల్లో వచ్చింది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ల్యాబ్ చెస్ (సీహెచ్‌ఈఎస్‌ఎస్) నడిపించింది. లక్ష్యాన్ని పట్టుకుని కదలకుండా బీమ్ నిలపడం, గాలిలో చెదిరిపోకుండా చూసుకోవడం అన్నీ కలిసిన పని అది. అక్కడికి వెళ్లి "నేను 100 వాట్ల డిస్క్ లేజర్ చేస్తాను" అంటే వాళ్లకు కొత్తగా ఒరిగేదేమీ లేదు. వాళ్ల సమస్యలో ఒక చిన్న ముక్క తీసుకుని, ఆ ముక్క కావాలని అక్కడి శాస్త్రవేత్త చేత అనిపించుకోగలిగితే ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంటు (బయటి సంస్థల పరిశోధనకిచ్చేది) దారి ఉంది. ఆ మాట రాకుండా పంపిన ప్రపోజల్ ఎక్కడా ఆగదు, ఎక్కడికీ చేరదు.

డీఆర్‌డీవోదే అయిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు, 50 కోట్ల వరకు ఇస్తారని. అది పరిశ్రమకు. మీరు వాళ్ల వెనక భాగస్వామిగా మాత్రమే వెళ్లగలరు. కేంద్రం పెట్టిన లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ) నిధి అయితే టెక్నాలజీ రెడీనెస్ (టెక్నాలజీ ఎంత సిద్ధంగా ఉందో చెప్పే కొలమానం) 4వ మెట్టుకి, ఆపైకి చేరినవాటికి, అదీ ప్రధానంగా తక్కువ వడ్డీ అప్పుగా. విశ్వవిద్యాలయ ల్యాబ్‌కి దాంతో పనిలేదు.

అణుశక్తి శాఖ తరఫున పరిశోధనలకు నిధులిచ్చే బీఆర్‌ఎన్‌ఎస్‌ని మాత్రం వదలొద్దు. అణుశక్తి శాఖ యూనిట్ నుంచి ప్రిన్సిపల్ కొలాబొరేటర్ ఉండాలన్నది అక్కడి షరతు. మీ విషయానికి ఇండోర్‌లో లేజర్ల మీద పనిచేసే ఆ శాఖ కేంద్రం ఆర్‌ఆర్‌క్యాట్ సరిగ్గా సరిపోతుంది. షరతు భారంగా కనిపిస్తుంది కానీ నిజానికి అదే మేలు: ల్యాబ్‌లో లేని పరికరం మీద కొలతలు తీసుకునే అవకాశం దాంతోనే వస్తుంది.

పంప్_డయోడ్

డబ్బు లెక్క పక్కన పెట్టినా, మొదటి గ్రాంటుకి థిన్ డిస్క్ వద్దనే అంటాను.

డిస్క్ మందం 100 నుంచి 200 మైక్రాన్లు. ఒక్కసారి దాటితే పంప్ కాంతిలో కొద్ది భాగాన్నే పీల్చుకుంటుంది. అందుకే పారాబోలిక్ అద్దం, ప్రిజమ్‌లతో 24 సార్లో అంతకంటే ఎక్కువో తిప్పి పంపుతారు. కష్టం అక్కడ కూడా కాదు, డిస్క్‌ని హీట్ సింక్ మీద అతికించడంలో ఉంది. టంకంలో చిన్న గాలిబుడగ ఉన్నా ఆ చోట వేడి పేరుకుని డిస్క్ పగులుతుంది. ఒత్తిడి అన్ని వైపులా సమంగా లేకపోతే డిస్క్ వంగి కేవిటీయే (అద్దాల మధ్య కాంతి తిరిగే చోటు) మారిపోతుంది. అమ్మేవాళ్ల దగ్గర కొంటున్నది ఆ అతికించే పనితనమే. కొనుక్కొచ్చి 100 వాట్లు తీస్తే దాన్ని పరిశోధన అనరు, కమిషనింగ్ అంటారు. రివ్యూలో కొట్టేసేది అక్కడే.

దాని బదులు ఇలా ఆలోచించండి. 2 నుంచి 3 మిల్లీమీటర్ల వైబీ-యాగ్ క్రిస్టల్, ఎండ్ పంపింగ్, ఫైబర్ కపుల్డ్ డయోడ్ మాడ్యూల్ 50 నుంచి 70 వాట్లు. అవుట్‌పుట్ 15, 20 వాట్లు వస్తే చాలు. ప్రశ్నని వాట్ల మీద కాకుండా వేడి మీద పెట్టండి: 940తో పంప్ చేస్తే క్వాంటమ్ డిఫెక్ట్ (పంప్ కాంతిలో తప్పనిసరిగా వేడిగా మారే వంతు) 8.7%, 969తో చేస్తే 5.9%. అంటే పుట్టే వేడి సుమారు మూడో వంతు తగ్గాలి. థర్మల్ లెన్స్ (వేడికి క్రిస్టల్ కటకంలా మారడం) కూడా అంతే తగ్గుతుందా, తగ్గకపోతే మిగతా వేడి ఎక్కడి నుంచి వస్తోంది? ఇది మూడేళ్ల పని, కొలవగలిగిన పని, పై స్థాయి లేజర్లు చేసేవాళ్లకి కూడా పనికొచ్చే సమాధానం.

969 ఎంచుకుంటే వచ్చే తంటాలు ముందే చెప్తాను. 940 దగ్గర శోషణ పట్టీ 18 నానోమీటర్ల వెడల్పు. 969 దగ్గర మూడు కూడా ఉండదు. మామూలు డయోడ్ డిగ్రీకి 0.3 నానోమీటర్లు జరుగుతుంది కాబట్టి కరెంట్ పెంచుతూ పోతే గీత దాటిపోతుంది. వాల్యూమ్ బ్రాగ్ గ్రేటింగ్‌తో తరంగదైర్ఘ్యం కదలకుండా లాక్ చేసిన మాడ్యూలే అడగండి, స్పెసిఫికేషన్‌లో ఆ మాట రాయండి. రాయకపోతే ఎల్1 (అతి తక్కువ ధర టెండర్) పేరుతో లాక్ లేనిది వచ్చి కూర్చుంటుంది. రెండోది డైక్రోయిక్ అద్దం. 969ని వదిలి 1030ని పూర్తిగా తిప్పాలి, మధ్యలో ఉన్నది 61 నానోమీటర్లే. కోటింగ్ ప్రత్యేకంగా చేయించాలి. ఒకే బ్యాచ్‌లో మూడు తీసుకోండి, విడిగా చేయిస్తే ఒకదానికొకటి కలవవు.

క్రిస్టల్‌ని 100 మైక్రాన్ల ఇండియం ఫాయిల్‌లో చుట్టి రాగి మౌంట్‌లో బిగించండి. బోల్ట్‌లు ఒక్కోటి కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించాలి. ఒక వైపు ముందే లాగేస్తే స్ట్రెస్ బైరిఫ్రింజెన్స్ (ఒత్తిడికి కాంతి పోలరైజేషన్ చెదరడం) వస్తుంది, అది వేడి వల్ల వచ్చిందనుకుని నెలలు పోతాయి. పంప్ ఆపి, క్రాస్డ్ పోలరైజర్ల మధ్య పెట్టి ముందే ఫొటో తీసి ఉంచుకుంటే ఆ గందరగోళం ఉండదు.

కోస్తాలో ఉన్నారు కాబట్టి ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. వైబీ-యాగ్‌లో లేజర్ దిగే స్థాయి భూస్థాయికి దగ్గర. క్రిస్టల్ వేడెక్కితే తన కాంతిని తనే మింగుతుంది, థ్రెషోల్డ్ పెరుగుతుంది. అందుకని అందరూ నీళ్లు 18, 20 డిగ్రీల దగ్గర పెడతారు. గదిలో 30 డిగ్రీలు, తేమ 80% ఉంటే మంచు బిందువు (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 26. అంటే 20 డిగ్రీల మౌంట్ మీద నీటి బొట్లు ఖాయం. ఏసీ వేసి 24 డిగ్రీలు, తేమ 50% ఉంచితే అది 13కి దిగుతుంది, ఏ బాధా లేదు. అసలు ప్రమాదం కరెంటు పోయినప్పుడు. చిల్లర్ యూపీఎస్ మీద ఉంటుంది, ఏసీ ఉండదు. తలుపు సందుల్లోంచి బయటి గాలి మెల్లగా లోపలికొస్తుంది, చల్లని నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. మొదట గొట్టం జాయింట్ల దగ్గర చెమట పడుతుంది, తర్వాత మౌంట్ అంచున, చివరికి కోటింగ్ మీద పల్చటి పొగలాంటి పొర. ఎవరూ చూడకుండా కరెంటు వచ్చి డయోడ్ ఆన్ అయిందా, ఆ మచ్చ మీద కోటింగ్ కాలిపోతుంది. చిల్లర్‌ని ఏసీ ఉన్న లైన్ మీదే పెట్టండి, లేదా తేమ సెన్సర్‌తో ఇంటర్‌లాక్ చేయండి. ఫ్లో స్విచ్ ఎలాగూ ఉండాలి. కరెంటు తిరిగొచ్చాక డ్రైవర్ దానంతటదే ఆన్ కాకూడదు, చేత్తో రీసెట్ చేస్తేనే అవ్వాలి.

చిల్లర్ సైజుకి మోటు లెక్క: డయోడ్ సామర్థ్యం 50% అనుకుంటే 70 వాట్ల కాంతికి మరో 70 వాట్ల వేడి, క్రిస్టల్, బీమ్ డంప్ కలిపి ఇంకో 50. అయినా 500 వాట్ల చిల్లర్ తీసుకోండి, ఎండాకాలం పేరు మీద రాసి ఉన్న సామర్థ్యం రాదు.

బీమ్ నాణ్యతకి ఐఎస్‌ఓ 11146 ప్రకారం కనీసం పది చోట్ల వెడల్పు కొలవాలి: సగం నడుము (బీమ్ అతి సన్నగా ఉండే చోటు) దగ్గర ఒక రేలీ పొడవు (అక్కడి నుంచి బీమ్ విస్తీర్ణం రెట్టింపయ్యే దూరం) లోపల, సగం రెండు రేలీ పొడవుల అవతల. నాలుగు పాయింట్లతో గీసిన ఎమ్-స్క్వేర్ (బీమ్ నాణ్యత అంకె) పేపర్‌లోకి వెళ్లదు.

తీరం_ఫిజిక్స్

డిస్క్ తీసేస్తున్నాను. 969, 940 పోలిక బాగుంది. దీనికి సిరమిక్ వైబీ-యాగ్ (పొడిని కాల్చి చేసే పారదర్శక బిళ్ల) కలిపితే? క్రిస్టల్ దిగుమతి ఖర్చు తగ్గి, దేశీయంగా చేసిందన్న బలం కూడా వస్తుంది కదా?

సింటరింగ్1750

బలం వస్తుంది, ఖర్చు మాత్రం తగ్గదు. సిరమిక్ చేసే పని మీ ల్యాబ్‌లో పెట్టుకోవద్దు.

పద్ధతి వినడానికి వంటలాగే ఉంటుంది. 99.99% శుద్ధి ఉన్న అల్యూమినా, యిట్రియా, యిటర్బియా పొడులు తూచి, 0.5% టీఈఓఎస్ (సింటరింగ్‌కి తోడ్పడే సిలికాన్ ద్రవం) వేసి, ఇథనాల్‌లో బాల్ మిల్లింగ్. ఆరబెట్టి, జల్లించి, ప్రెస్ చేసి, 200 మెగాపాస్కల్స్ దగ్గర కోల్డ్ ఐసోస్టాటిక్ ప్రెస్. 800 డిగ్రీల్లో గాలిలో కాల్చి సేంద్రియాలు పోగొట్టి, వాక్యూమ్‌లో 1750 దగ్గర పది గంటలకు పైగా సింటరింగ్ (పొడి రేణువులు అతుక్కునేలా కాల్చడం). తర్వాత గాలిలో 1450 దగ్గర అనీలింగ్.

చెడేది మొదటి మెట్టులోనే. యిట్రియా పొడి గాలిలోంచి తేమ, కార్బన్ డయాక్సైడ్ లాగుతుంది. డబ్బా తీసి అలాగే తూస్తే యిట్రియా తక్కువ పడుతుంది, అల్యూమినా మిగిలి గింజల మధ్య వేరే దశగా తెల్లగా కూర్చుంటుంది. 1000 డిగ్రీల్లో కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే తూచాలి. మిల్లులో అల్యూమినా బంతులే వాడితే అవి అరిగి ఇంకొంత అల్యూమినా చేరుతుంది. మిల్లింగ్ ముందు, తర్వాత బంతులు తూచి ఆ తేడాని లెక్కలో తగ్గించాలి.

వాక్యూమ్ నుంచి తీసిన బిళ్ల ఆకుపచ్చగా ఉంటే కంగారు వద్దు. అది రెండు ఆవేశాల యిటర్బియం, అనీలింగ్‌తో పోతుంది. అనీలింగ్ తర్వాత కూడా మసకగా ఉంటే అవి రంధ్రాలు, ఇక పోవు. ట్రాన్స్‌మిషన్ 1030 దగ్గర కొలిచి నిరాశపడొద్దు, అక్కడ యిటర్బియం శోషణ ఇంకా కొంత ఉంటుంది. 1100 దగ్గర కొలవండి, పాలిష్ చేసి కోటింగ్ లేని యాగ్‌కి పై హద్దు 84%. లేజర్ చేయాలంటే దానికి ఒక శాతం లోపు తేడాలో ఉండాలి. 80% బిళ్ల కింద పేపర్ పెడితే అక్షరాలు చక్కగా కనబడతాయి, లేజర్ మాత్రం రాదు.

హైదరాబాద్ బాలాపూర్‌లోని పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐలో పారదర్శక సిరమిక్స్ మీద పని ఏళ్లుగా ఉంది. కోల్‌కతాలోని గాజు, సిరమిక్ పరిశోధన సంస్థ సీజీసీఆర్‌ఐది లేజర్ గ్లాస్, ఫైబర్ వైపు చెయ్యి. ఏఆర్‌సీఐతో మాట్లాడి "నమూనాలు వాళ్లవి, థర్మల్ లెన్స్ కొలతలు మావి" అని ఒక పేజీ ఉత్తరం తెచ్చుకోండి. అయితే ప్రధాన లక్ష్యాలు కొన్న క్రిస్టల్ మీదే రాయండి. సిరమిక్‌ని మూడో ఏడాది లక్ష్యంగా పెట్టండి. నమూనా రాకపోయినా ప్రాజెక్టు కుంటుపడకూడదు.

ఫైలు_కదలదు

శీర్షిక గురించి ఒక్క మాట. కర్నూలు ఉత్సాహంలో టైటిల్‌లో "డైరెక్టెడ్ ఎనర్జీ" (లేజర్ ఆయుధాలకు వాడే మాట) అని పెట్టొద్దు. విదేశీ డయోడ్ కంపెనీ ఎండ్ యూజ్ స్టేట్‌మెంట్ అడుగుతుంది, దాంట్లో ప్రాజెక్టు పేరు రాయాలి. ఆ పేరు చూసి వాళ్ల దేశపు ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ పరిశీలనకి వెళ్తే సామాను నెలల తరబడి కదలదు. మీరు చేస్తున్నది వేడి కొలవడం, అదే రాయండి. స్టేట్‌మెంట్‌లో, ప్రపోజల్‌లో, పర్చేజ్ ఆర్డర్‌లో మూడు చోట్లా అక్షరం తేడా లేకుండా ఒకే పేరు ఉండాలి.

ఇంకొకటి, పరికరాల సొమ్ము మొత్తం మొదటి ఏడాది పద్దులో వేయండి, కానీ డయోడ్‌నీ అద్దాలనీ ఒకే టెండర్‌లో కలపకండి. అద్దాల కోటింగ్ ఆలస్యమైతే డయోడ్ బిల్లు కూడా దాంతోపాటే ఆగి మార్చి 31 దాటుతుంది. అప్పుడు యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో ఖర్చు కనబడదు, రెండో విడత ఆగుతుంది, జేఆర్‌ఎఫ్ కుర్రాడికి జీతం ఉండదు.