సౌదీ చట్టం మన దగ్గర ఉంటె మంచిగుండునా?

పాలమూరోడు: మిర్యాలగూడ పరువు హత్య 2018 సెప్టెంబర్ల అయితె నల్గొండ కోర్టు తీర్పు 2025 మార్చిల వచ్చింది, ఇంక పైకోర్టు ఉండనే ఉండె. రియాద్‌ల ఆరేండ్లు చేసిన నేను, అర్ధరాత్రి జేబు నిండ పైసలతోని నడిచిన. ఆడ చంపినోని తల తీస్తరు, గా భయముంటనే నేరం తగ్గుతది.

హుజూర్‌నగర్ వకీల్: నార్వేల మామూలు హత్యకు పెద్ద శిక్షనే 21 ఏండ్లన్నా. 2011ల 77 మందిని చంపినోనికి గూడ గంతే. అయినా ఆడ రోజు తలలు పగులుతలేవు గదా.

పాలమూరోడు: 21 ఏండ్లను 77 మందికి పంచు, మనిషికి వంద రోజులు గూడ పడయి. గిదా న్యాయం?

హుజూర్‌నగర్ వకీల్: అయిపోంగనే ఇడిసిపెట్టరు. ప్రమాదమనుకుంటె ఐదేండ్లు ఐదేండ్లు పెంచుకుంట పోతరు.

పాలమూరోడు: ముందుగాల పెద్ద శిక్షనే 21 అన్నవ్, ఇప్పుడు పెంచుతరంటవ్. ఏదో ఒక్కటి చెప్పు.

చిట్యాల చాయ్: ఇద్దరు నార్వే పోయి తేల్చుకొని రాండ్రి 😂

షాద్‌నగర్ బస్టాండ్: 2019ల చటాన్‌పల్లి కాడ దిశ అత్యాచారం, హత్య కేసుల నలుగురు నిందితులను కాల్చినప్పుడు పోలీసోళ్ల మీద పూలు చల్లినోళ్లల్ల నేను గూడ ఉన్న. తర్వాత 2022ల సుప్రీంకోర్టు ఏసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే కాల్చిండ్రు, అండ్ల ముగ్గురు మైనర్లు అని రాసింది. గా పూలు యాదికొస్తె సిగ్గయితది.

పాలమూరోడు: ఎన్‌కౌంటర్ ముచ్చట ఎవడు తీసిండు? నేనడిగేది చట్టం గురించి.

హుజూర్‌నగర్ వకీల్: తొందర తొందర అంటె గట్లనే అయితది. మా చిన్నాయన కొడుకును గల్ఫ్‌ల దొంగతనం కేసుల పట్టుకొని అరబ్బీ కాయితం మీద సంతకం పెట్టించుకున్నరు, అండ్ల ఏమున్నదో వానికి తెల్వది, పదకొండు నెలలు లోపల. ఆఖరికి దొంగ వేరేటోడు. నువ్వు రాత్రి నడిచినవ్, వాడు రాత్రి ఏడ్చిండు.

పాలమూరోడు: నీకు పేషీకింత ఫీజు, వాయిదాలు పడితెనే నీకు మంచిది. మా బావను గెట్టు పంచాయితీల కొట్టి చంపి తొమ్మిదేండ్లు. చంపినోడు బెయిల్ మీద ఊర్లనే తిరుగుతుండు, కల్లు కంపౌండ్ కాడ మా అక్కను చూసి మీసం తిప్పుతడు. అక్క కోర్టుకు పోతె నువ్వు సాక్షివి, పిలిచినప్పుడు రా అంటరు. సౌదీల క్షమిస్తరా, దియా పైసలు (ప్రాణానికి బదులు ఇచ్చే పైసలు) తీసుకుంటరా, తల తీయాల్నా అని చచ్చినోని ఇంటోళ్లనే అడుగుతరు. మా అక్కను ఇప్పటిదాంక ఒక్కడన్న అడిగిండా?

హుజూర్‌నగర్ వకీల్: ఈ ముచ్చట పొద్దుగాలనే చెప్తె నార్వే దాంక పోకపోదుము గదన్నా. పీపీకి (సర్కారు వకీలుకు) తోడుగ అక్క తన వకీలును పెట్టుకోవచ్చు, చట్టంల ఉన్నది. గని అడుగుడు అంటె ఇది గూడ చూడు, పైసలున్నోడు దియా కట్టి బయటవడుతడు, లేనోని తల పోతది. రేపు మీ ఊరి పెద్దమనుషులు వచ్చి పైసలు తీసుకో అని అక్క మీద కూసుంటె?

పాలమూరోడు: వచ్చిండ్రు. రెండుసార్లు. అక్క చీపురు తీసింది.

చిట్యాల చాయ్: 🙏

హుజూర్‌నగర్ వకీల్: పేషీ ఎప్పుడున్నది?

పాలమూరోడు: మొన్ననే ఉండె, జడ్జి లీవు. జూన్ అన్నరు. చూసినోళ్లు ఇద్దరే మిగిలిండ్రు, అండ్ల ఒకాయనకు ఇప్పుడు కండ్లు సరిగ్గ కనవడయి.